పేరు తెలిసి ఊరు తెలియనపుడు

రేడియో ముందు కూర్చున్న శ్రోతకు కావలసినది పాట. ఆ పాట పాడినవారు ఏ గదిలో కూర్చుండిరో, ఆ గది ఏ వీథిలో ఉన్నదో ఆయనకు అక్కరలేదు. భక్తిరంజని వినగోరు గృహిణి మా స్టూడియో తలుపుసంఖ్య అడుగదు. కార్యక్రమము పేరు, వచ్చు వేళ తెలిసిన ఆమెకు చాలును. వస్తువును పేరు పెట్టి కోరుట మనుష్యులకు సహజము.

నేడు మన యిండ్లలోనికి వచ్చియున్న కంప్యూటరు జాలము, అనగా ఇంటర్నెట్టు, లోలోపల ఇట్లు పనిచేయుట లేదు. అది చిరునామాలతో పనిచేయును. మనము ఒక పాటను కోరినపుడు, ఆ పాట ఏ యంత్రమునందు ఉన్నదో, ఆ యంత్రము చిరునామా ఏదో ముందుగా తెలిసికొని, ఆ యంత్రముతో సంభాషణ ఆరంభించి, పిదప గాని పాటను తెచ్చుకొనజాలము. ఈ పనులన్నియు కన్ను మూసి తెరచులోపల జరిగిపోవుచుండుటచే మనకు తెలియదు. ఈ పద్ధతిని మార్చి, చిరునామాతో పనిలేక పేరుతోనే జాలమును అడుగవచ్చునా యని శాస్త్రజ్ఞులు ఇరువది యేండ్లుగా ఆలోచించుచున్నారు. ఆ ఆలోచనలో ఒక చిక్కుముడి కలదు. వస్తువును ఇచ్చువాడు ఒకచోట నిలువక తిరుగుచుండినచో, అతనిని పేరుతో వెదకుట ఎట్లు? నేటి మా ప్రసంగమునకు ఇదియే విషయము.

మొదట చిరునామాల పద్ధతి ఎందులకు వచ్చినదో చూతము. 1969 అక్టోబరు 29వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయమునందలి యంత్రమునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థయందలి యంత్రమునకు అర్పానెట్ అను జాలముపై మొదటి సందేశము పోయెను. ఆనాడు కంప్యూటర్లు కొలదిగా ఉండెడివి. ఒక్కొక్కటి ఒక గదినిండ ఉండెడిది. దూరముననున్న ఫలానా యంత్రమును ఇక్కడనుండి వాడుకొనుటయే ఆనాటి అవసరము. కావున ‘ఫలానా యంత్రము’ అని చెప్పుటకు ఒక అంకె కావలసివచ్చెను. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు వేరువేరు జాలములను కలుపు విధానమును ప్రకటించిరి. 1983 జనవరి 1వ తేదీన అర్పానెట్ ఆ విధానమునకు మారెను. నేటికిని ఇంటర్నెట్టు దానిమీదనే నడచుచున్నది.

ఆ యంత్రములు కదలునవి కావు. అందుచేత ఒకే అంకె రెండు పనులను చేసినను బాధ లేకపోయెను. ‘ఎవరు’ అనుటకును, ‘ఎక్కడ’ అనుటకును ఆ అంకెయే గుర్తు. ఇప్పుడు యంత్రము చొక్కాజేబులోనికి వచ్చినది. బస్సులో ఎక్కుచున్నది, పడవలో పోవుచున్నది. ‘ఎవరు’ అనునది మారకయే ‘ఎక్కడ’ అనునది నిమిష నిమిషమునకు మారుచున్నది. రెండింటికిని ఒకే అంకె చాలకున్నది.

1988లో జాలపు రద్దీని అదుపుచేయు ఉపాయములను ప్రకటించి ప్రసిద్ధుడైన వాన్ జేకబ్‌సన్, 2006లో చేసిన ఒక ఉపన్యాసమున ఈ లోపమును ఎత్తిచూపెను. జనులు జాలమును వాడుచున్నది యంత్రములతో మాటలాడుటకు కాదు, విషయములను తెచ్చుకొనుటకు. కావున జాలము విషయముల పేర్లనే గుర్తించుట మేలు అని ఆయన వాదము. 2009లో ఆయనయు, పార్క్ అను పరిశోధనాలయమునందలి ఆయన సహచరులును ఈ విధానమును సవివరముగా ప్రకటించిరి. దీనికి ‘విషయకేంద్ర జాలము’ అని పేరు పెట్టవచ్చును. 2010లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర సంస్థ ధనసహాయముతో ‘నేమ్డ్ డేటా నెట్‌వర్కింగ్’ అను పెద్ద ప్రయత్నము మొదలయ్యెను. దానికి లాస్ ఏంజిలిస్ విశ్వవిద్యాలయమునకు చెందిన లిక్సియా ఝాంగ్ నాయకత్వము వహించినది. దీనినే పొట్టిగా ఎన్.డి.ఎన్. అందురు.

ఈ విధానము నడచు తీరు మిక్కిలి సరళము. ఇందులో రెండే రకముల ప్యాకెట్లు. మొదటిది ‘ఇంటరెస్టు’, అనగా కోరిక. దానిపై కావలసిన వస్తువు పేరు మాత్రముండును. పంపినవాని చిరునామా యుండదు. రెండవది ‘డేటా’, అనగా ఆ పేరుగల వస్తువు. దానిపై ఇచ్చినవాని సంతకముండును. సంతకమనగా కలముతో చేసినది కాదు. గణితముతో కట్టిన ముద్ర. వస్తువులో ఒక్క అక్షరము మారినను ఆ ముద్ర సరిపడదు. వస్తువును కోరువానిని అర్థి యనియు, ఇచ్చువానిని దాత యనియు ఈ ప్రసంగమున పిలుతము.

దారిలో కూడళ్ళవద్ద ఉండు యంత్రములకు రౌటర్లని పేరు. ప్రతి రౌటరువద్దను మూడు సాధనములు కలవు. ఒకటి నిలువ అర. దానిలో ఇటీవల తనమీదుగా పోయిన వస్తువుల ప్రతులుండును. రెండవది కోరికల పట్టిక. ఏ పేరుగల కోరిక ఏ దిక్కునుండి వచ్చినదో అందు వ్రాసికొనును. మూడవది దారుల పట్టిక. ఏ పేరుతో మొదలగు కోరికను ఏ దిక్కునకు పంపవలెనో అందుండును.

తుపాను హెచ్చరికను ఒకరు కోరిరనుకొందము. కోరికపై ‘వాతావరణము–తుపాను–నేటి హెచ్చరిక’ అని పేరున్నది. రౌటరు ముందు నిలువ అరలో చూచును. ఉన్నచో అక్కడనే యిచ్చివేయును. కోరిక ముందునకు పోనక్కరలేదు. లేనిచో కోరికల పట్టికలో ‘ఈ దిక్కునుండి వచ్చినది’ అని వ్రాసికొని, దారుల పట్టిక చెప్పిన దిక్కునకు పంపును. అదే కోరిక మరి పదిమందినుండి వచ్చినచో పది దిక్కులు వ్రాసికొనును గాని మరల పంపదు. వస్తువు దొరకిన పిదప అది వచ్చిన అడుగుజాడలనే పట్టుకొని వెనుకకు వచ్చును. ప్రతి కూడలిలోను వ్రాసియున్న దిక్కునకు పోయి, ఆ వ్రాతను చెరిపివేయుచు, తుదకు అర్థిని చేరును. అర్థి ఎవరో, ఏ ఊరివారో జాలమునకు తెలియవలసిన పనియే లేదు.

ఇందువలన ఒక గొప్ప సౌకర్యము కలిగినది. అర్థి కదలుచున్నను చిక్కు లేదు. రైలులో పోవువాడు ఒక కోరికను పంపి, సమాధానము వచ్చులోపల మరియొక టవరు పరిధిలోనికి పోయెననుకొందము. పాతచోటికి వచ్చిన వస్తువు అతనికి అందదు. కాని అతడు కొత్తచోటినుండి అదే కోరికను మరల పంపిన చాలును. ఆ వస్తువు అప్పటికే దగ్గరి రౌటరు నిలువ అరలో చేరియుండవచ్చును గనుక వెంటనే దొరకును. ఎవరికిని ‘నేను ఇల్లు మారితిని’ అని జాబు వ్రాయనక్కరలేదు.

దాత కదలినపుడు మాత్రము కథ అడ్డము తిరుగును. ఒక ఉదాహరణము తీసికొందము. గుండెనొప్పి వచ్చిన రోగిని ఆంబులెన్సులో తెనాలినుండి గుంటూరునకు తీసికొని పోవుచున్నారు. రోగి గుండె కొట్టుకొను తీరును గీతగా గీయు యంత్రము బండిలో నున్నది. గుంటూరులోని వైద్యుడు ఆ గీతను చూచుచు, ఏ మందు ఈయవలెనో బండిలోనివారికి చెప్పవలెను. ఇక్కడ అర్థి వైద్యుడు, అతడు కదలడు. దాత ఆంబులెన్సు, అది నిలువదు. ‘ఆసుపత్రి–ఆంబులెన్సు 7–గుండె గీత’ అను కోరిక బయలుదేరును. దారుల పట్టికలన్నియు బండి ఇందాక ఉన్న టవరును చూపుచున్నవి. కోరిక అక్కడకు పోయి, బండి కానరాక, ఆగిపోవును. కోరికకు ఆయుర్దాయము వేరుగా చెప్పనియెడల ఎన్.డి.ఎన్. పద్ధతిలో అది 4 సెకనులు. ఆ కాలము ముగిసిన పిదప వైద్యుడు మరల అడుగవలెను. మరల అదే పాతచోటికి పోవును. నిలువ అరలు కూడ ఇక్కడ ఆదుకొనవు. ఏలయనగా వైద్యునకు కావలసినది ఈ క్షణమునందలి గీత; అది ఎవరి అరలోను ముందుగా ఉండజాలదు.

బండి టవరు మారినప్పుడెల్ల జాలమునందలి రౌటర్లన్నిటికిని కొత్త దారిని చాటింపు వేసిన సరిపోదా యని తోచును. లెక్క కట్టి చూతము. కిలోమీటరునకొక టవరు ఉన్నదనియు, బండి గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనియు అనుకొందము. నిమిషమునకొక టవరు మారును. అట్టి బండ్లు వేయి ఉన్నచో నిమిషమునకు వేయి చాటింపులు, గంటకు 60,000. ప్రతి చాటింపును ప్రతి రౌటరు విని, తన పట్టిక దిద్దుకొనవలెను. ఒక చాటింపు దేశమంతట ప్రాకులోపల బండి తరువాతి టవరునకు పోయియుండును. ఆంబులెన్సులనే లెక్కించితిమి, జేబులలోని టెలిఫోనులు, పడవలు, బస్సులు అన్నియు దాతలే యైనచో ఇక చెప్పనేల?

చాటింపుల రద్దీ ఒకటియే కాదు, పట్టికలు పెరిగిపోవుట మరియొక బాధ. మన తపాలా పిన్‌కోడును చూడుడు. 1972 ఆగస్టు 15వ తేదీన అది మన దేశమున అమలునకు వచ్చెను. ఆరంకెలలో మొదటిది 5 అయినచో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకముల వైపు అని ఢిల్లీలో జాబులు వేరుచేయువానికి తెలియును. మిగిలిన అంకెలతో అతనికి పనిలేదు. విషయకేంద్ర జాలమునందును అంతే. ‘ఆసుపత్రి’ అని మొదలగు పేర్లన్నిటికి ఒకే దారి అని దూరపు రౌటరు ఒక్క వరుసలో వ్రాసికొనును. ఆంబులెన్సులు తలకొక దిక్కునకు పోయినచో ఆ ఒక్క వరుస చాలదు. బండికొక వరుస వ్రాయవలెను. దేశమునందలి ప్రతి మనిషి పేరును ఢిల్లీ తపాలా గుమాస్తా కంఠస్థము చేయవలసివచ్చినట్లగును.

ఈ చిక్కు కొత్తది కాదు. చిరునామాల జాలమునందే 1996లో ‘మొబైల్ ఐ.పి.’ అను ఉపాయమును ప్రమాణముగా ప్రకటించిరి. దాని సారము ఇది: తిరుగువానికి ఒక స్వస్థానముండును. అక్కడ ఒక ప్రతినిధి కూర్చుండును. తిరుగువాడు ఎక్కడకు పోయినను ‘ఇప్పుడు ఇక్కడ ఉన్నాను’ అని ప్రతినిధికి తెలుపుచుండును. ఉత్తరములన్నియు స్వస్థానమునకు వచ్చును. ప్రతినిధి వానిని వేరొక కవరులో పెట్టి ప్రస్తుతపు చోటికి పంపును. విషయకేంద్ర జాలమునందును పలువురు ఈ త్రోవనే తొక్కిరి. పడవకు లంగరు ఉన్నట్లు, తిరుగు దాతకు స్థిరమైన ఒక స్థానమును ఏర్పరచిరి. దీనిని లంగరు పద్ధతి యందము.

దీని గుణదోషములు మాకు వృత్తిరీత్యా బాగుగ తెలియును. మేము తిరునాళ్ళకు, ఉత్సవములకు పోయి అక్కడనుండి వ్యాఖ్యానము చెప్పునపుడు మా మాట నేరుగా శ్రోతకు పోదు. తీగమీద ముందు స్టూడియోకు పోయి, అక్కడనుండి ప్రసారమగును. శ్రోత తన రేడియో ముల్లును కదల్చనక్కరలేదు. మేము ఏ ఊరిలో ఉన్నను ఆయనకు స్టేషను ఒకటే. ఇది గుణము. ఒకప్పుడు ఒక తిరునాళ్ళలో మేము వ్యాఖ్యానము చెప్పుచుండగా నడుమ తీగ తెగిపోయినది. మాకు తెలియలేదు, పది నిమిషములు చెప్పుచునే యుంటిమి. మా ప్రక్కన నిలిచినవాడు మా మాటను చెవులార వినుచున్నాడు. అతని చేతనున్న ట్రాన్సిస్టరులో మాత్రము స్టూడియోనుండి నాదస్వరము వచ్చుచున్నది. రెండు గజముల దూరముననున్న మనిషికి మా మాట అందవలెనన్నను స్టూడియో దాక పోయి రావలెను. నడుమ త్రోవ తెగినచో అదియు లేదు. ఇది దోషము. లంగరు పద్ధతికి ఈ చుట్టుదారియు, ఒకేచోట ఆధారపడుటయు పుట్టుకతో వచ్చినవి.

చుట్టుదారిని తగ్గించుటకు ఒక మార్గము కలదు. స్వస్థానమును అడుగునది వస్తువునకు కాక, దాత ప్రస్తుతమున్న చోటు కొరకు మాత్రమే. టెలిఫోను డైరెక్టరీలో సంఖ్య చూచుకొని నేరుగా పిలిచినట్లు, అర్థి ఆ చోటును తెలిసికొని, తన కోరికపై ‘ఈ వైపునకు పొమ్ము’ అని ఒక సూచనను అంటించి పంపును. దారి సరళమగును. కాని డైరెక్టరీ ఎప్పటికప్పుడు సరిదిద్దబడుచుండవలెను. బండి నిమిషమునకొకమారు చోటు మారుచున్నచో, చూచుకొనిన సూచన పంపులోపలనే పాతబడును. ఉదయము ఒక ఊరు, సాయంకాలము మరియొక ఊరు మారువానికి ఇది చక్కగా సరిపడును, ఆంబులెన్సునకు చాలదు.

మరి కొందరు జాలమునందు సహజముగా ఉన్న కోరికల పట్టికనే వాడుకొనిరి. 2014లో సూచింపబడి, 2018లో సమగ్రముగా ప్రకటింపబడిన ‘కైట్’ అను పద్ధతి ఇట్టిది. కైట్ అనగా గాలిపటము. గాలిపటము ఎటు ఎగిరినను దారము ఒకచోట కట్టియుండును గదా! ఇందు స్థిరమైన ఒక సంకేతస్థలమున్నది. తిరుగు దాత టవరు మారినపుడెల్ల ఆ స్థలమునకు ఒక కోరికను పంపును. అది పోవుదారిలో ప్రతి రౌటరువద్దను ‘దాత ఈ దిక్కున ఉన్నాడు’ అని జాడ విడుచును. వైద్యుని కోరిక సంకేతస్థలము వైపు బయలుదేరి, నడుమ ఎక్కడ ఆ జాడను తాకునో అక్కడనే మలుపు తిరిగి, జాడ వెంబడి దాతను చేరును. సంకేతస్థలము దాక పోవలసిన అవసరము అన్నివేళల ఉండదు. నియమిత కాలము ముగిసిన జాడలు తమంతట చెరిగిపోవును. పాత గుర్తులు మిగిలి త్రోవ తప్పించు భయము తక్కువ. దానికి బదులుగా దాత జాడలను మాటిమాటికి కొత్తవి చేయుచుండవలెను.

లంగరే అక్కరలేదను పద్ధతియు కలదు. 2018లో ప్రకటింపబడిన ‘మ్యాప్-మీ’ దీనికి మంచి ఉదాహరణము. పూర్వము ఊరూరు తిరుగు నాటక సమాజములవారు డేరా ఎత్తివేయునపుడు, పాత ఊరిలోని సత్రమువానికి ‘మేము ఫలానా ఊరు పోవుచున్నాము’ అని చెప్పి పోయెడివారు. వెదకుచు వచ్చినవాడు ఆ మాట విని ముందునకు పోయెడివాడు. మ్యాప్-మీ దీనికి తలక్రిందుగా చేయును. దాత కొత్త ఊరు చేరిన పిదప, తన పేరుతోనే ఒక ప్రత్యేక సందేశమును పంపును. రౌటర్ల పట్టికలు ఇంకను పాతచోటినే చూపుచున్నవి గదా! అందుచేత ఆ సందేశము తనంతట పాతచోటికే పోవును. పోవుచు, దారిలోని ప్రతి రౌటరు పట్టికలో బాణపు గుర్తును తాను వచ్చిన వైపునకు, అనగా కొత్తచోటి వైపునకు, త్రిప్పుచు పోవును. సందేశము పాతచోటు చేరునప్పటికి ఆ దారిలోని బాణములన్నియు కొత్తచోటిని చూపును.

ఇందలి ఉపకారము గమనింపుడు. కొత్తచోటికిని, పాతచోటికిని నడుమనున్న కొలది రౌటర్లు మాత్రమే మార్పును తెలిసికొనినవి. దేశమునందలి మిగిలిన రౌటర్లకు ఈ సంగతియే తెలియదు, తెలియనక్కరలేదు. వైద్యుని కోరిక పాతదారినే వచ్చి, త్రిప్పబడిన బాణమును చూచి మళ్ళును. బండి మరల మరల మారుచున్నపుడు రెండు సందేశములు ముందువెనుకలుగా చేరి కలవరపరుపకుండుటకై ప్రతి సందేశమునకును వరుససంఖ్య ఉండును. రౌటరు పెద్దసంఖ్యగల దానినే నమ్మును. సందేశము ఇంకను దారిలోనుండగా వచ్చిన కోరికలకై మరియొక ఏర్పాటు కలదు: దాత తాను చేరిన టవరువద్ద ఒక చిన్న ప్రకటన విడుచును, కోరిక వచ్చి దాతను కానక నిలిచినచో, అక్కడి రౌటరు ఇరుగుపొరుగు టవర్లను అడిగి తెలిసికొనును. దోషమేమనగా, పలుమారులు మారిన పిదప దారి వంకరలు తిరిగి కొంత దీర్ఘము కావచ్చును. అప్పుడప్పుడు మామూలు పద్ధతిలో దారులను సరిచేసికొనవలెను.

దాతను వెదకుట మాని, వస్తువునే స్థిరపరచు ఆలోచనలును రెండు కలవు. మొదటిది, తిరుగువాడు తన వస్తువులను కదలని ఒక భాండారమునందు దాచిపెట్టుట. తీసిన ఛాయాచిత్రములను ఎక్కడనో ఒక నిలువలో ఉంచుట నేడు అందరము చేయుచున్నదే. అర్థులు భాండారమును అడుగుదురు. దాత నిద్రపోయినను, బ్యాటరీ అయిపోయినను వస్తువు దొరకును. అప్పటికప్పుడు పుట్టు వస్తువులకు మాత్రము ఇది కొంత ఆలస్యము. రెండవది, వస్తువును మనిషి పేరుతో కాక చోటు పేరుతో పిలుచుట. ఫలానా వంతెనమీద బండ్లు ఆగియున్నవా అని తెలియవలెను. ఆ సంగతి చెప్పువాడు రామయ్యయైననేమి, సోమయ్యయైననేమి? ‘వంతెన–రద్దీ–ఇప్పుడు’ అని కోరినచో, ఆ క్షణమున వంతెనమీదనున్న ఏ బండియైనను సమాధానమీయవచ్చును. బండి పోయినను వంతెన పోదు. వాహనముల నడుమ ఈ విధమగు సంభాషణను 2014లో పరిశోధకులు ప్రయోగించి చూచిరి.

ఇంతవరకు దారి కనుగొనుటను గూర్చి చెప్పితిమి. నమ్మకమును గూర్చి చెప్పకున్నచో ప్రసంగము సగమే యగును. రౌటరువద్ద బాణములను త్రిప్పు అధికారము ఎవరికి? ‘ఆంబులెన్సు 7 నా దగ్గర ఉన్నది’ అని ఒక దుర్మార్గుడు సందేశము పంపినచో బాణములు వాని వైపు తిరుగును. వాడు దొంగగీతను పంపజాలడు; సంతకము సరిపడక పట్టుబడును. కాని నిజమైన గీత వైద్యునకు అందకుండ చేయగలడు. రోగి ప్రాణమునకు ఈ రెండింటిలో ఏది జరిగినను అపాయమే. కావున జాడ విడుచు సందేశములకును సంతకముండవలెను. దానిని రౌటరు పరీక్షింపవలెను. ప్రతి కూడలిలో ప్రతి సందేశమును పరీక్షించుచు కూర్చున్నచో ఆలస్యమగును. అందుచేత మొదటి టవరువద్ద గట్టిగా పరీక్షించి, లోపల తేలికగు గుర్తులతో సరిపెట్టు పద్ధతులను సూచించిరి. వేగమునకును భద్రతకును నడుమ ఈ బేరము ఇంకను ముగియలేదు.

మరియొక సంగతి గృహస్థులు తెలిసికొనదగినది. లంగరువద్ద కూర్చున్న ప్రతినిధికి తిరుగువాడు ఏ గంటకు ఎక్కడ ఉండెనో అంతయు తెలియును. లంగరులేని పద్ధతిలో అట్టి లెక్క ఒకచోట చేరదు. కాని దారిలోని రౌటర్లకు తునకలు తునకలుగా తెలియును. అర్థి చిరునామా జాలమునకు తెలియదని మురిసితిమి. దాత చోటు మాత్రము ఎవరో ఒకరికి తెలియక తప్పదు. మన పిల్లలు, మన ఆడపడుచులు చేతనుంచుకొన్న యంత్రములు రేపు దాతలగునపుడు, వారి రాకపోకల లెక్క ఎవరి చేతిలో ఉండవలెనో నిర్ణయించునది ఈ సాంకేతికమగు ఎంపికయే. దీనిని ఇంజనీర్లకే విడిచిపెట్టరాదు.

తుపాను వేళ ఈ భేదములు పుస్తకములలోని భేదములుగా ఉండవు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తు పోయెను, టెలిఫోనులు మూగబోయెను. అట్టి వేళ ఒక వీథిలోని యంత్రము ప్రక్కవీథిలోని యంత్రముతో మాటలాడగలిగియు, లంగరు దూరనగరమున ఉండి నడుమ తీగ తెగినచో, రెండును మూగవే. మా తిరునాళ్ళ ముచ్చట అక్కడను పునరావృతమగును. లంగరు లేక, దగ్గరివారిని దగ్గరనే కలుపు పద్ధతులును, చోటు పేరుతో పిలుచు పద్ధతులును, నిలువ అరలలో మిగిలిన హెచ్చరికలును అప్పుడు అక్కరకు వచ్చును. ‘ఈ పాఠశాలలో త్రాగునీరు ఉన్నదా’ అను ప్రశ్నకు ఆ పాఠశాలలోనున్న ఏ టెలిఫోనైనను జవాబీయగలిగినచో అంతకంటె కావలసినదేమి?

ఇక ఈ విధానము మన యింటికి ఎప్పుడు వచ్చునని శ్రోతలు అడుగవచ్చును. ఇది ఇంకను పరిశోధనాలయముల దశను పూర్తిగా దాటలేదు. 2017లో సిస్కో అను సంస్థ పార్క్‌నుండి ఈ పనిని కొని, పిదప దాని ప్రోగ్రాములను అందరికి బహిరంగము చేసెను. ఉన్న జాలమును పడగొట్టక, కొత్తరకపు ఐ.పి. చిరునామాల లోపలనే పేర్లను ఇమిడ్చి నడపు మధ్యేమార్గమును అక్కడివారు రూపొందించిరి. 2019 జూలైలో కోరిక, వస్తువు అను ప్యాకెట్ల రూపమును వివరించు రెండు పత్రములు, ప్రయోగదశయందున్నవని పేర్కొనుచు, ప్రకటింపబడినవి. చిరునామాల ఇంటర్నెట్టు మాత్రము యథాప్రకారముగా నడచుచున్నది. మనము చూచు సినిమాల ప్రతులను ఊరికి దగ్గరగా నిలువచేసి, పేరుతో కోరినంత వేగముగా అందించు వ్యాపారసంస్థలు కొంతవరకు ఈ లోటును పూడ్చుచున్నవి కూడ.

కాబట్టి ఈ పద్ధతులలో ఏది ఉత్తమమని అడిగినచో ఒక్కమాటలో చెప్పరాదు. ఎప్పుడో ఒకప్పుడు చోటు మారువానికి డైరెక్టరీ చాలును. వస్తువు పాతబడినను బాధలేనిచో భాండారము మేలు. చోటే ముఖ్యమైన సంగతికి చోటు పేరే తగును. క్షణక్షణము మారుచు, క్షణక్షణము కావలసిన ఆంబులెన్సు గీతవంటి వానికి జాడలు విడుచుటయో, బాణములు త్రిప్పుటయో తప్పదు. ఏ పద్ధతిని ఎవరు తెచ్చినను మూడు ప్రశ్నలు అడుగవలెను. నడుమ తీగ తెగినచో ఇది పనిచేయునా? బాణము త్రిప్పువానిని ఎవరు పరీక్షింతురు? తిరుగువాని జాడ ఎవరివద్ద, ఎంతకాలము నిలిచియుండును? ఈ మూడింటికి సరియైన సమాధానము దొరకిననాడు, తెనాలి దారిలోనున్న బండిని గుంటూరులోని వైద్యుడు ఊరు తెలియకయే పేరు పెట్టి పిలువగలడు. రోగి గుండె గీత తెగకుండ అతని కన్నులముందు నిలుచును.